చిల్లర మేష్టారు

మా ఇంట్లో నాకు రెండు పేర్లున్నాయి. బయటివాళ్ళుంటే "ఏమండీ", లేకపోతే "చిల్లర మేష్టారు". ఈ రెండో పేరు పెట్టింది మా అమ్మాయే అయినా దాన్ని స్థిరపరిచింది మాత్రం మా ఆవిడ. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు పాఠం చెబుతున్న మనిషికి ఈ బిరుదు వూరికే రాలేదు సుమండీ. కష్టపడి సంపాదించుకున్నాను.

లోకంలో జనం బ్యాంకుకి వెళ్ళి నోట్లు తెచ్చుకుంటారు. నేను నోట్లిచ్చి బిళ్ళలు తెచ్చుకుంటాను. రుషికొండలో మేముండే వీధికి దగ్గరలోనే వొక బ్యాంకు వుంది. నెలకోసారి అక్కడికి వెళ్ళి, నూరేసి బిళ్ళలుండే సంచీ వొకటో రెండో పుచ్చుకుంటాను. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే హాల్లో పాత దుప్పటి పరిచి, సంచీ బోర్లించి, భూతద్దం పట్టుకు కూర్చుంటాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అంటుంది. నా విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. దమ్మిడీ నా దగ్గర నిజంగానే లేదు. దొరికితే దాచుకుందామనే వుంది.

ఈ పిచ్చి నాకు మా తాతగారి పొడుం డబ్బాతో పట్టుకుంది. ఆయన పోయాక, పొడుం వాసన ఇంకా పోని ఆ డబ్బాలో మా నాన్నగారు నాకు చూపించినవి నాలుగు చిల్లుకాణీలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి. రాగికి కరువొచ్చి, 1943 నుంచి కాణీకి నడిమధ్య పెద్ద చిల్లు పెట్టి అచ్చువేశారు. పిల్లలు వాటిని మొలతాడుకి కట్టుకునేవాళ్ళట. ఆ డబ్బాలోకి తర్వాత మా అమ్మ ఇచ్చినవి కొన్ని చేరాయి. 1968 నుంచి 1971 దాకా వచ్చిన ఇరవై పైసల బిళ్ళ గుర్తుందా? ఇత్తడి రంగులో మెరుస్తూ, మీద తామరపువ్వుతో వుండేది. లక్ష్మీదేవి పద్మమే కదా అని మా అమ్మ వాటిని ఏరి దాచి, వరలక్ష్మీ వ్రతంనాడు కలశం ముందు పెట్టి పూజ చేసేది. అంటే మా వంశంలో చిల్లర ఏరడం నాతో మొదలవలేదన్నమాట. కాకపోతే మా అమ్మ ఏరితే భక్తి, నేను ఏరితే వెర్రి.

చూడ్డం తెలిస్తే జేబులో చిల్లర మంచి పుస్తకం. బిళ్ళ మీద సంవత్సరం అంకె వుంటుంది కదా, దాని కింద చూడండి. చిన్న నక్షత్రం వుంటే అది హైదరాబాదు టంకశాలలో పుట్టింది. వజ్రపు ఆకారం వుంటే ముంబాయి. గుండ్రటి చుక్క వుంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా. మన హైదరాబాదు టంకశాల నిజాముల కాలంలో 1803లో మొదలై, 1903లో సైఫాబాదుకి, 1997లో చర్లపల్లికి మారింది. ఈ నాలుగు గుర్తులూ కాకుండా కొత్త గుర్తేదైనా కనిపిస్తే నాకు ఆ పూట పండగే. 1980లలోనూ, 1990లలోనూ చిల్లర చాలక మన ప్రభుత్వం కొన్ని బిళ్ళలు పరదేశాల్లో చేయించింది. 1999 నాటి అయిదు రూపాయల బిళ్ళల్లో కొన్నిటి మీద మాస్కో టంకశాల గుర్తు వుంటుంది. ఆ కాలపు రూపాయి బిళ్ళల్లో కొన్ని స్లొవేకియాలోని క్రెమ్నిత్సాలో తయారయ్యాయి. గాజువాక కూరల బజారులో వంకాయలు కొంటే నాకు మాస్కో బిళ్ళ తిరిగొచ్చింది. వంకాయల్లో సగం పుచ్చులే. ఆ సంగతి ఇంటికి వెళ్ళాక మా ఆవిడ చెబితేగాని నాకు తెలియలేదు.

కొత్తగా ఈ సరదా మొదలుపెట్టేవాళ్ళకి వొక్క మాట. బిళ్ళల్ని తోమకండి. రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా తాతగారి చిల్లుకాణీలు నాలుగూ కొత్త పెళ్ళికొడుకుల్లా తళతళలాడుతున్నాయి. మా ఆవిడ పూజ సామానుతోపాటు వాటికీ చింతపండు పట్టించింది. ఎనభై ఏళ్ళ కాలం వాటిమీద పేర్చిన ముదురు గోధుమరంగు పావుగంటలో కాలవలోకి పోయింది. నాణేల ముచ్చట తెలిసినవాళ్ళకి ఆ రంగే ముఖ్యం. అది పోతే సగం విలువ పోయినట్టే. నా మొహం చూసి ఆవిడ బిక్కచచ్చిపోయి, "మురికిగా వున్నాయని తోమానండీ" అంది. మురికి కాదే, చరిత్ర అన్నాను. చరిత్ర అయితే పూజ గదిలో ఎందుకు పెట్టారంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

నేను తెలుగు మేష్టారిని గనక నాకు ఇంకో ముచ్చట కూడా వుంది. చచ్చిపోయిన నాణేలు మాటల్లో బతుకుతాయి. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కాణీలు వుండేవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసల లెక్క వచ్చింది. అణా అంటే ఆరుంబావు నయాపైసలు. ఆ పావు పైసా దగ్గర కొట్టువాడికీ కొనేవాడికీ రోజూ తగువే అయ్యేదని మా తాతగారు చెబుతుండేవారట. 1964లో నయా అన్న మాట రాలిపోయి వొట్టి పైసలు మిగిలాయి. పావలా, అంతకన్న చిన్న బిళ్ళలూ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అయినా ఇవాళ్టికీ మనకి పిల్ల లక్షణంగా వుంటే పదహారణాల తెలుగు పిల్లే. నూరు పైసల తెలుగు పిల్ల అని ఎవరైనా అంటారా? దరిద్రుడి దగ్గర ఇప్పటికీ చిల్లిగవ్వే వుండదు. ఆ మాటకొస్తే డబ్బు, దుడ్డు, కాసు, ఇవన్నీ వొకప్పుడు నాణేల పేర్లే. వరాహమూర్తి బొమ్మ వున్నందుకు వరహా అయింది. శ్రీనాథుడికి రాయలవారి కొలువులో కనకాభిషేకం జరిగిందని చెప్పుకునే చోట దీనారాలూ టంకాలూ వస్తాయి. ఆ పాఠం చెప్పేటప్పుడు జేబులోంచి బిళ్ళ తీసి చూపిస్తాను. క్లాసులో నిద్రపోయేవాళ్ళు కూడా ఆ చప్పుడికి లేస్తారు.

ఇక రుషికొండ గొప్పతనం చెప్పాలి. ఇక్కణ్ణించి భీమిలి వైపు కొద్ది దూరం వెళ్తే తొట్లకొండ వస్తుంది. నౌకాదళంవారు తమ అవసరం కోసం సర్వే చేస్తుంటే ఆ కొండమీద బౌద్ధుల విహారం ఆనవాళ్ళు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా పురావస్తు శాఖవారు తవ్వారు. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లున్నాయి గనకే దానికా పేరు. ఆ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. రోము ఎక్కడ, తొట్లకొండ ఎక్కడ! మన శాతవాహన రాజుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. అలాంటి ఏ ఓడలోనో దిగిన వర్తకుడి మూటలోంచి జారి, చేతులు మారి, చివరికి భిక్షువుల కొండెక్కి వుంటాయి ఆ వెండి బిళ్ళలు. అవి కూడా వొకప్పుడు ఎవరికో తిరిగిచ్చిన చిల్లరే. సాయంత్రాలు రుషికొండ తీరాన కూర్చుని, విశాఖ రేవులో చోటు కోసం సముద్రంలో లంగరేసుకున్న ఓడల్ని చూస్తూ నేను ఇదే అనుకుంటూ వుంటాను.

అనుకుంటూ మొక్కజొన్న పొత్తు తింటూ వుంటాను. నేను ఈ వారం చెప్పదలచిన సంగతి ఆ పొత్తు దగ్గరే వుంది.

పది రూపాయల బిళ్ళకి మన ఆంధ్రదేశంలో పట్టిన గతి పాఠకులకి తెలియంది కాదు. ప్రభుత్వం దాన్ని 2009లో చలామణీలోకి తెచ్చింది. మధ్య తెల్లటి లోహం, చుట్టూ పసుప్పచ్చటి వలయం, చూడముచ్చటగా వుంటుంది. కొన్నాళ్ళకి, పదిహేను గీతలున్న బిళ్ళ దొంగది, పది గీతలున్నదే అసలుది అని పుకారు పుట్టింది. రూపాయి గుర్తు లేనిది చెల్లదని ఇంకో పుకారు. ఆ గుర్తు పుట్టిందే 2010లో. అంతకు ముందు చేసిన బిళ్ళ మీద అది ఎలా వుంటుందని ఎవరూ ఆలోచించలేదు. రిజర్వు బ్యాంకువారు 2018 జనవరిలో, అప్పటికి వచ్చిన పద్నాలుగు రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని స్పష్టంగా ప్రకటించారు. పుకారు వెళ్ళినంత దూరం ప్రకటన వెళ్ళలేదు. కిరాణా కొట్టువాడు వద్దంటాడు, ఆటోవాడు వద్దంటాడు, పాలబ్బాయి చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఎందుకు వద్దని అడిగితే, "నా దగ్గర ఎవరూ తీసుకోరండి" అంటాడు. వాడి మాటా నిజమే.

నేను బ్యాంకు నుంచి తెచ్చే సంచీల్లో ఈ పది రూపాయలవి కూడా వుంటాయి. వాటి మీద యోగా దినానికీ, అంబేద్కరుగారి నూట పాతికేళ్ళ జయంతికీ, గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చి నూరేళ్ళయినందుకూ ప్రత్యేకంగా వేసిన బొమ్మలుంటాయి. నూటిలో నాకు కావలసినవి రెండో మూడో. మిగిలిన తొంభై ఏడు ఏం చెయ్యాలి? తిరిగి బ్యాంకులో ఇచ్చెయ్యవచ్చు. మొదట్లో అలాగే ఇచ్చాను. క్యాషియరుగారు నవ్వి, "నిన్న పట్టుకెళ్ళినవి ఇవాళ తెచ్చారేం మేష్టారూ, పురుగులున్నాయా?" అన్నారు. వరసలో నిలబడ్డ నలుగురూ నవ్వారు. ఆయన హాస్యానికే అన్నారు. కాని నాకు మొహమాటం జాస్తి. మళ్ళీ వాటిని అక్కడికి పట్టుకెళ్ళలేదు.

పొత్తులు కాల్చి అమ్మే ఆవిడ మాత్రం కాదనేది కాదు. అరవై దాటి వుంటుంది. బీచి మెట్ల పక్కన కుంపటి పెట్టుకుని, విసనకర్రతో విసురుతూ, నిప్పురవ్వల మధ్యనుంచి మనిషిని చూసి నవ్వుతుంది. ముప్పై రూపాయల పొత్తుకి నేను మూడు బిళ్ళలిస్తే మాట్లాడకుండా కొంగున ముడేసుకునేది. పల్లెటూరి మనిషి, పుకార్లు పట్టించుకోదు కాబోలు, ఎంత మంచిదో అనుకునేవాణ్ణి. మంచిదని తెలిశాక పొత్తులు ఎక్కువ తినడం మొదలుపెట్టాను. ఇంటికి కూడా పట్టుకెళ్ళేవాణ్ణి. మా ఆవిడ, "రోజూ ఈ పొత్తులేమిటండీ, పళ్ళు అరిగిపోతాయి" అనేది.

మొన్న మాఘమాసంలో వొక సాయంత్రం ఆవిడ పొత్తు చేతికిచ్చి, "మేష్టరు బాబూ, నువ్వు సదువుకున్నోడివి గదా, వొక్క సాయం సేస్తావేటి?" అంది. బుట్ట అడుగునుంచి గుడ్డ మూట తీసి విప్పింది. అన్నీ పది రూపాయల బిళ్ళలే. నూట ఎనభై ఆరు. మనవరాలికి బడిలో డబ్బు కట్టాలిట. కొట్లో ఇస్తే పుచ్చుకోలేదు, పొత్తుల టోకువాడు పుచ్చుకోలేదు, బడివాళ్ళు నోట్లు తెమ్మన్నారు. బ్యాంకుకి వెళితే కౌంటరు దగ్గర వొకబ్బాయి, ఇన్ని బిళ్ళలు తీసుకోమని పంపేశాడుట.

"ఇన్ని ఎలా పోగయ్యాయమ్మా?" అన్నాను. ఆ ప్రశ్న నోటినుంచి బయటికొచ్చాక నాకే జవాబు తట్టింది. కుంపటి పక్కన అట్టముక్క మీద ఫోనుతో డబ్బు కట్టే చదరపు గుర్తు అంటించి వుంది. వాళ్ళబ్బాయి పెట్టాడు. సాయంత్రం పూట వచ్చే కాలేజీ పిల్లలూ, కార్లలో వచ్చేవాళ్ళూ అందరూ ఫోనుతోనే ఇస్తారు. ఇక బిళ్ళలిచ్చేది ఎవరు? మూటలో వొక్కొక్కటీ తిప్పి చూశాను. యోగా బిళ్ళ, నేను రెండోది దొరికిందని వదిలేసినది. గాంధీగారి బిళ్ళ, అంచు మీద గీత పడిందని నేను పక్కన పడేసినది. వాటిలో సగానికి తక్కువ కాకుండా నావే.

మర్నాడు ఉదయం ఆవిణ్ణి వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. ఆ పిల్లవాడు వినయంగానే, "వెయ్యి రూపాయలకి మించి బిళ్ళలు తీసుకోనక్కర్లేదని చట్టం వుంది సార్" అన్నాడు. చట్టం వున్న మాట నిజమే. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆ పైన బిళ్ళలతో వెయ్యి రూపాయల దాకానే బాకీ తీర్చుకోవచ్చు. అంతకు మించి బలవంతపెట్టడానికి లేదు. అర్ధరూపాయి బిళ్ళలైతే పది రూపాయల దాకానే. కాని అది కొట్లోనూ బాకీలోనూ. ఖాతాదారు తన ఖాతాలో వేసుకునే బిళ్ళలకి ఏ పరిమితీ లేదని రిజర్వు బ్యాంకువారే చెప్పారు. కాలేజీలో అచ్చుతీసి పట్టుకెళ్ళిన ఆ కాగితం బల్ల మీద పెట్టాను. పిల్లవాడు చదివి లోపలికి పట్టుకెళ్ళాడు. మేనేజరుగారు బయటికి వచ్చి, కాగితం కంటే ముందు ఆవిడ మొహం చూసి, "కూర్చోండమ్మా" అన్నారు. పావుగంటలో లెక్కపెట్టి పద్దెనిమిది వందల అరవై రూపాయలు ఆవిడ ఖాతాలో జమ వేశారు.

ఆ లెక్కింపు చూస్తూ నేను బల్ల దగ్గర నిలబడ్డాను. ఈ బ్యాంకులో పుచ్చుకున్న బిళ్ళలు నా దుప్పటి మీదకీ, నా జేబులోకీ, ఆవిడ కొంగులోకీ తిరిగి మళ్ళీ ఈ బ్యాంకుకే వచ్చాయి. మధ్యలో మోసింది ఆవిడ. నలుగురు నవ్వుతారని నేను దింపుకున్న బరువు ఆవిడ నెత్తికెక్కింది. పాత నాణేలకి లక్షలిస్తామనే ప్రకటన చూసి, మా పక్కింటాయన వైష్ణోదేవి బొమ్మ అయిదు రూపాయల బిళ్ళ అమ్మబోయి, రిజిస్ట్రేషను రుసుమంటూ వాళ్ళడిగింది పంపి మోసపోయాడు. అలాంటి ప్రకటనలు నమ్మొద్దని రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులోనే హెచ్చరించారు కదండీ అని ఆయనకి నేను పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఎదుటివాడి తెలివితక్కువతనం నాకు బాగానే కనిపిస్తుంది. భూతద్దం పెట్టి బిళ్ళ మీద చుక్క వెతికే ఈ కళ్ళకి రోజూ ఎదురుగా కూర్చునే మనిషి ఇబ్బంది కనపడలేదు.

బయటికి వచ్చాక వుండబట్టలేక, "అమ్మా, ఆ బిళ్ళల్లో చాలా మటుకు నేనిచ్చినవే" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెల్దేటి బాబూ? ఎవులూ పుచ్చుకోనివి నాకిస్తావని ఎరికే."

"మరి వద్దనలేదేం?"

"మేష్టరువి. రోజూ వచ్చి కూకుంటావు. వొద్దంటే సిన్నబోతావని వూరుకున్నాను."

తొట్లకొండ మీద పరదేశపు వెండి బిళ్ళలు దొరికాయని గొప్పగా రాశాను కదా. ఇదే తీరాన మన టంకశాలలో, మన ప్రభుత్వం ముద్ర వేసిన బిళ్ళని వొద్దంటున్న మనుషుల మధ్య, నేను చిన్నబోతానని ఈవిడ తన మనవరాలి బడి డబ్బు మూటకట్టి కూర్చుంది. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

అన్నట్టు ఆ మూటలో నేను మూడేళ్ళుగా వెతుకుతున్న బిళ్ళ వొకటుంది. హోమీ భాభాగారి శతజయంతికి వేసిన పది రూపాయలు. బ్యాంకులో లెక్కపెడుతుండగా కనిపించింది. చెయ్యి చాచబోయి ఆగాను. ఆవిడ నా చూపు కనిపెట్టి, "అది కావాలా బాబూ? తీసుకో" అంది. జేబులోంచి పది రూపాయల నోటు తీసి ఆ స్థానంలో పెట్టాను. నా సేకరణలో ఆ బిళ్ళ ఇప్పుడు వుంది. తీసి చూసినప్పుడల్లా దాని విలువ పది రూపాయలు కాదని నాకు తెలుసు, ఎంతో మాత్రం తెలియదు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఏరగా మిగిలినవి నేనే సంచీకెత్తి తిరిగి బ్యాంకులో ఇస్తున్నాను. క్యాషియరుగారు పురుగులున్నాయా అంటే, "లేవండీ, బాగు చేసి తెచ్చాను" అంటున్నాను. రిజర్వు బ్యాంకు కాగితం ప్రతులు కొన్ని తీయించి, మా వీధి కిరాణా కొట్టులోనూ, ఆటోలు ఆగే చోటా ఇచ్చాను. కిరాణా ఆయన మేష్టారి మాట తీసెయ్యలేక గోడకి అంటించాడు. వారం తర్వాత వొక బిళ్ళ పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, నేను వెళ్ళేదాకా ఆగకుండా, ఇంకొకరికి చిల్లరగా ఇచ్చాడు. ఆయన కూడా పుచ్చుకున్నాడు! ఆ బిళ్ళ బజారున పడి వెళుతుంటే, అమ్మాయిని అత్తారింటికి సాగనంపిన తండ్రిలా చూస్తూ నిలబడ్డాను.

క్రిందటి ఆదివారం తీరానికి వెళ్ళాను. పొత్తు పుచ్చుకుని మూడు పదుల నోట్లు ఇచ్చాను. ఆవిడ నోట్లు చూసి నవ్వి, "బిళ్ళలు ఐపోనాయా బాబూ?" అంది.

"వున్నాయమ్మా, నీకెందుకని..."

"ఎట్టు. ఇప్పుడు బ్యాంకీ తోవ నాకు తెలుసు గదా."

మూడు బిళ్ళలు తీసి ఇచ్చాను. కొంగున ముడేసుకోబోతూ ఆగి, వొక్కొక్కటే మంట వెలుగులో తిప్పి చూసింది. "ఇవి నీ కాడ వున్నవేనా? తరవాత కావాలంటే నోటెట్టాలి మరి" అంది.